ఊపిరి బిగపట్టిన చెయ్యి

విచారణ గది బయట, గోడవారగా వేసిన ఇనుప బెంచీ మీద ముగ్గురిని కూర్చోబెట్టి పోయిన వారం మనం వచ్చేశాం. వాళ్ళింకా అక్కడే ఉన్నారు.

మొదటి మనిషి ఫారాలక్క. గ్రంథాలయం వెనక గదిలో ఒక సలహా బల్ల ఉంది. ఏ పింఛనుకి ఎవరు అర్హులు, ఏ ఫారంలో ఏ గడిలో ఏం రాయాలి, నిన్నటి నియమం ఇవాళ ఎలా మారింది అన్నవి మంగళ, శుక్రవారాల్లో అక్కడ కూర్చుని జనానికి చెప్పడం ఆమె పని. చూపు పోయిన సొంత అక్క కోసం మొదటి ఫారం నింపింది. ఆ తర్వాత వీధి వీధంతా ఫారాలు పట్టుకొచ్చింది, పేరు అలా స్థిరపడిపోయింది. రెండో మనిషి వాచీల పెద్దాయన. నలభై రెండేళ్ళు చేతి గడియారాలు బాగుచేసి, నరాల జబ్బుతో చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేసినవాడు. మూడో మనిషి ఆయన కూతురు. సిటీ బస్సు నడుపుతుంది కాబట్టి అందరికీ డ్రైవరమ్మ.

పెద్దాయన పింఛనుని శాఖ రెండు నెలల కిందట ఆపేసింది. పింఛనుతో పాటు, కూతురు డ్యూటీలో ఉన్నంతసేపూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండే ఆయా కూడా ఆగిపోయింది. ఒంటరిగా ఉన్న మొదటి వారంలోనే పెద్దాయన వేణ్ణీళ్ళ గిన్నె కాళ్ళమీద ఒంపుకున్నాడు. ఆ రోజు నుంచి డ్రైవరమ్మ సెలవులో ఉంది. సెలవు ఇవాళ్టితో సరి. అప్పీలు ఓడిపోతే సాయంత్రం డిపోలో ఇవ్వడానికి రాజీనామా ఉత్తరం రాసి సంచిలో పెట్టుకునే వచ్చింది.

ఇంతవరకూ మీకు తెలిసిందే. లోపలికి పిలవడానికి ఇరవై నిమిషాల ముందు శాఖ తరఫు అధికారి వచ్చి ఫారాలక్క చేతిలో ఒక కాగితం పెట్టి వెళ్ళాడని కూడా తెలుసు. ఆ కాగితంలో ఏముందో చదివాక ఆమె మొహం పాలిపోయిందని చెప్పి ఆపాను.

అది పరీక్ష నివేదిక. చొక్కా గుండీ పెట్టుకున్నాడు. బల్లమీద నాణెం తీశాడు. సంతకం చేశాడు. కుడిచేతిలో వణుకు కనబడలేదు. కింద పెద్దాయన సంతకం ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు, ఒక్క గీత కూడా బెదరకుండా.

ఫారాలక్క ఆ సంతకాన్ని మూడుసార్లు చూసింది. పదహారేళ్ళలో తనకి అబద్ధం చెప్పినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళని ఆమె ఫారం సగంలో ఉండగానే పట్టేసేది. ఈయన్ని పట్టలేకపోయానా అని మొదటిసారి అనుమానం వచ్చింది. పక్కన చూస్తే పెద్దాయన నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. గ్లాసులో సగం నీళ్ళు ఆయన మోకాలి మీదే ఉన్నాయి. కూతురు చేతిరుమాలుతో తుడుస్తోంది, ఆయన తుడవనివ్వడం లేదు.

ఇది నాటకమైతే చాలా గొప్ప నాటకం అనుకుంది ఫారాలక్క.

అప్పుడే బంట్రోతు హాజరు పుస్తకం తెచ్చాడు. పెద్దాయన ఆ సమయానికి గోడ గడియారం గురించి చెబుతున్నాడు. అది నాలుగు నిమిషాలు వెనక ఉందట, దాన్ని ఏటవాలుగా తగిలించిన మనిషిని పట్టుకుని నాలుగు... ఆ మాట మధ్యలోనే పెన్ను అందుకున్నాడు. మాట తెగిపోయింది. పెదవులు ముడుచుకున్నాయి, మెడ నరం ఉబ్బింది. మోచెయ్యి బెంచీ చేతికి ఆనింది. సంతకం అయిపోయింది, స్కేలు పెట్టి గీసినట్టే. పెన్ను ఇచ్చేసి, నీళ్ళలోంచి తల పైకెత్తిన ఈతగాడిలా బుస్సున గాలి వదిలి, తగిలించాలి అంటూ మాట పూర్తిచేశాడు.

ఫారాలక్క ఆయన వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"పెద్దాయనా, ఇప్పుడు ఏం చేశారు?"

"సంతకం."

"అది కాదు. ఊపిరెందుకు ఆపారు?"

తనకసలు ఆపినట్టే తెలియదన్నాడాయన. కాసేపు ఆలోచించి, సిగ్గుపడుతున్నట్టు నవ్వి అప్పుడు చెప్పాడు. వాచీ లోపల వెంట్రుక మందంలో ఒక స్ప్రింగు ఉంటుందట. దాని మీద పనిచేసేవాడి ఊపిరి తగిలిందంటే చాలు, ఎగిరిపోతుంది, ఇక వారం రోజులు గది ఊడ్చుకోవాల్సిందే. ఆయన గురువు మొదటి ఆర్నెల్లు పనిముట్టు ముట్టుకోనివ్వలేదు. రోజంతా ముక్కు ముందు దూదిపింజె పెట్టి, అది కదిలితే నెత్తిమీద ఒకటి మొట్టేవాడు. ఆ మొట్టికాయలు తిన్నవాళ్ళెవరూ చేత్తో సన్నపని చేసేటప్పుడు ఊపిరి పీల్చరు. పీల్చమన్నా పీల్చలేరు.

"ఊపిరి ఆపితే చెయ్యి నిలుస్తుందన్నమాట."

"కాసేపు. తర్వాత అదీ నేనూ ఇద్దరం పోతాం," అన్నాడు పెద్దాయన.

ఫారాలక్క నివేదిక మళ్ళీ తీసి చూసింది. గుండీకి ఎంతసేపు పడుతుంది? నాణేనికి? సంతకానికి? పరీక్ష చేసినవాడు ఆయనకి పది పది క్షణాల పనులు ఇచ్చాడు. ఆ పది క్షణాలూ నలభై రెండేళ్ళ అలవాటు చేతిని పట్టుకుని నిలబెట్టింది. పెద్దాయన అబద్ధం ఆడలేదు. ఆయన చెయ్యే ఆడింది, ఆయనకి తెలియకుండా.

బంట్రోతు తలుపు తీసి పేరు పిలిచాడు.

గదిలో పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి, కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. కుడివైపు డాక్టరు. ఎడమవైపు కూర్చున్నాయన ఏదో రాసుకోవడమే తప్ప తలెత్తలేదు. ఇటువైపు ఒక కుర్చీలో శాఖ తరఫు అధికారి. ఆయన్ని ఆ భవనంలో అందరూ చాటుగా ఇస్త్రీబాబు అంటారు. చొక్కా మడత నలగదు, మాట మడతా నలగదు. అప్పీళ్ళలో ఆయన ఓడింది ఎవరికీ గుర్తులేదు.

ఇస్త్రీబాబు ఐదు నిమిషాల్లో ముగించాడు. నివేదిక చదివాడు. సంతకం చూపించాడు. ఆ తర్వాత దస్త్రంలోంచి ఇంకో కాగితం తీశాడు. పేరు లేని ఫిర్యాదు. ఈ మనిషి కిటికీ దగ్గర కంటికి భూతద్దం పెట్టుకుని వాచీలు బాగుచేస్తుండగా చూశామని ఎవరో రాశారు. పెద్దాయన మీద కొత్త పరీక్ష మొదలైందే దానివల్ల.

ఈ ఏడాది వచ్చిన మార్పుల్లో ఫారాలక్కకి బొత్తిగా మింగుడుపడనిది అదే. ఇలాంటి ఫిర్యాదులు కూడా పేటలోని సలహా బల్లల దగ్గరే తీసుకుని, తేదీ ముద్ర వేసి, టపాలో శాఖకి పంపాలట. జనం ఇస్తేనే చెల్లుతాయి, శాఖ ఉద్యోగి ఇవ్వడానికి వీల్లేదు. అదొక్కటే అందులో ఉన్న న్యాయం. ఒకే బల్ల మీద కుడిచేత్తో సాయం చేసి ఎడమచేత్తో కవరు అందుకోవాలన్నమాట అని ఆమె అప్పుడే గొడవపడింది. ఎవరూ వినలేదు.

ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడి, సంచిలోంచి ఒక సర్క్యులరు తీసి బల్లమీద పెట్టింది. దాని నాలుగు మూలలా గుండుసూది రంధ్రాలున్నాయి. గ్రంథాలయం నోటీసు బోర్డు నుంచి ఊడదీసి తెచ్చింది.

మూడు నెలల కిందట నియమం మారిందని చెప్పింది. ఒక పని చేయగలడు అనాలంటే ఒక్కసారి చేస్తే సరిపోదు. ఆ పనిని మళ్ళీ మళ్ళీ, ప్రమాదం లేకుండా, మామూలు మనిషికి పట్టేంత సమయంలో చేయగలగాలి. పరీక్ష చేసినవాడు పాత ఫారంలోనే గీతలు కొట్టుకుంటూ పోయాడు, మళ్ళీ మళ్ళీ అన్న గడి అందులో లేనే లేదు.

ఇస్త్రీబాబు కూర్చునే నవ్వాడు. అది కొత్తగా దరఖాస్తు పెట్టుకునేవాళ్ళకి మాత్రమేనని, సలహా బల్లల దగ్గర కూర్చునే వాళ్ళు సగం చదివి రావడం మామూలేనని అన్నాడు.

"వెనక్కి తిప్పండి బాబూ," అంది ఫారాలక్క.

ఆయన తిప్పలేదు. అధ్యక్షురాలు తిప్పింది. వెనకవైపు అడుగున రెండు లైన్లున్నాయి. పాత పింఛనుల పునఃపరిశీలనకి కూడా ఇది వర్తిస్తుంది. ఆమె ఆ లైన్లని వేలితో తడుముతూ పైకే చదివి, ఈ వెనక పేజీ శాఖ దస్త్రంలో ఎందుకు లేదని అడిగింది. నకలు తీసేటప్పుడు ఒకవైపే తీసి ఉంటారని ఇస్త్రీబాబు అన్నాడు. ఎడమవైపు కూర్చున్నాయన మొదటిసారి తలెత్తి చూశాడు.

కానీ అధ్యక్షురాలు తొందరపడే మనిషి కాదు. నియమం మారిందంటే ఒప్పుకుంటానంది. అయినా నివేదికలో వణుకు లేదని ఉంది, ఎదురుగా సంతకం కనిపిస్తోంది. మళ్ళీ మళ్ళీ చేయలేడని చూపించాల్సిన భారం మీదే అంది.

ఫారాలక్క ఒక తెల్లకాగితం, పెన్ను పెద్దాయన ముందు పెట్టి సంతకం చేయమంది. ఆయన మోచెయ్యి బల్లకి ఆనించాడు. పెదవులు ముడిచాడు. సంతకం నున్నగా వచ్చింది. ఇస్త్రీబాబు కుర్చీలో వెనక్కి వాలి, నా పని మీరే చేసిపెట్టారు అన్నట్టు రెండు చేతులూ చాచాడు.

"ఇప్పుడు దాని కిందే ఇంకో నాలుగు చేయండి. చేస్తూనే డాక్టరుగారికి వాచీ ఎలా విప్పుతారో చెప్పండి. మాట ఆగకూడదు."

పెద్దాయన పెన్ను పట్టుకున్నాడు. పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమె ఏం అడుగుతోందో అప్పటికి ఆయనకి అర్థమైంది. డాక్టరునీ, అధ్యక్షురాలినీ, ఇస్త్రీబాబునీ, చివరికి కూతుర్నీ చూశాడు. పెన్ను కిందపెట్టేసి ఫారాలక్క వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఈ చెయ్యి పనికిరాదని నలుగురిలో చూపించమంటావా?"

పదహారేళ్ళలో ఈ బల్లల ముందు ఫారాలక్క ఎందరినో గెలిపించింది. ప్రతిసారీ గెలవడానికి కావలసింది ఒక్కటే, మనిషి తన చేతకానితనాన్ని తన నోటితో చెప్పుకోవడం. అది ఎంత కష్టమో ఆమెకి తెలుసు. సొంత అక్కే మొదటి ఫారంలో నీకు కనబడుతుందా అన్న ప్రశ్నకి, కొంచెం కొంచెం అని రాయించింది. అప్పటికి ఆ మనిషికి పగలు రాత్రి తేడా కూడా తెలియదు.

"మీ గురువుగారు మీకు నేర్పింది వాళ్ళకి తెలియాలి పెద్దాయనా. అది తెలియకపోతే వాళ్ళకి మీ చెయ్యి అర్థం కాదు," అంది ఫారాలక్క.

పెద్దాయన మళ్ళీ పెన్ను తీసుకుని, డాక్టరు వైపు తిరిగి మొదలుపెట్టాడు. ముందు వాచీని బోర్లా పడుకోబెట్టాలండీ. వెనక మూత అంచున చిన్న నొక్కు ఉంటుంది.

పెన్ను కాగితానికి తగిలింది. కాగితం మీద పడిన దాన్ని సంతకం అనడానికి లేదు. భూకంపం వచ్చినప్పుడు యంత్రం గీసే గీత అది. కాగితం అంచు దాటి బల్ల మీదికి పోయింది. పెద్దాయన మాట ఆపలేదు. నొక్కులో బ్లేడు పెట్టి తిప్పాలండీ, బలం వాడకూడదు. రెండో సంతకం మొదటిదాని మీదే పడింది. మూడో దానికి పెన్ను చేతిలోంచి ఎగిరి ఇస్త్రీబాబు చొక్కా మీద సిరా చుక్క వేసి కిందపడింది.

ఇస్త్రీబాబు లేచాడు. మాట్లాడుతూ చెయ్యి ఊపడం ఎవరికైనా చేతనవుతుందని, ఇది కమిటీ ముందు ప్రదర్శించాల్సిన విద్య కాదని అన్నాడు. డాక్టరు ఆయన్ని కూర్చోమన్నట్టు చెయ్యి చూపించి, తనే లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. పెద్దాయన మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, పెన్ను గాలిలో పట్టుకుని ఇందాకటిలాగే నిలబెట్టమన్నాడు. పెద్దాయన పెదవులు ముడిచాడు. చెయ్యి రాయిలా నిలబడింది. డాక్టరు గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. పదికి పెద్దాయన మొహం ఎర్రబడింది. పదిహేనుకి మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పంతొమ్మిదికి ఊపిరి వదిలేశాడు, దానితోపాటే పెన్నూ వదిలేశాడు. ఆ తర్వాత వణుకు భుజం దాకా పాకింది.

"దీన్ని నటించడం నాకు తెలిసి కుదరదు," అన్నాడు డాక్టరు. తర్వాత పెద్దాయన్ని అడిగాడు, భోజనం ఎలా చేస్తారని.

పెద్దాయన తల వంచుకున్నాడు. చెంచా చెంచాకీ ఇలాగేనండీ అన్నాడు.

వెనక కుర్చీలోంచి డ్రైవరమ్మ లేచి నిలబడింది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

"నాన్నా, అందుకా? రెండేళ్ళ నుంచి భోజనం దగ్గర నాతో మాట్లాడనిది అందుకా?"

ఆమె బస్సు ఉద్యోగంలో చేరింది రెండేళ్ళ కిందటే. ఆడపిల్ల అంత పెద్ద స్టీరింగు పట్టుకోవడం నాన్నకి ఇష్టం లేదని, ఆ కోపంతోనే భోజనానికి కూర్చున్నంతసేపూ గంటన్నర మూతి బిగించుకుంటున్నాడని ఆమె అనుకుంది. ఆమె కూడా పంతానికి పోయి మౌనంగా తినేసి లేచిపోయేది. రెండేళ్ళు, ఒకే బల్లకి అటొకరు ఇటొకరు. ఆయన ఊపిరి బిగపట్టుకుని, ఆమె కోపం బిగపట్టుకుని.

పెద్దాయన కూతురి వైపు తిరగలేదు. అధ్యక్షురాలి వైపే చూస్తూ చెప్పాడు.

"నా చెయ్యి వణుకుతుందండీ. కొట్టు మూసేసిన రోజు కూడా ఎవరికీ చెప్పలేదు. కళ్ళు సరిగా కనబడటం లేదని చెప్పి మూసేశాను."

కిటికీ దగ్గర భూతద్దం సంగతి కూడా ఆయనే చెప్పాడు. చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. లోపల విప్పేసిన ఆడవాళ్ళ వాచీ ఒకటి, ముక్కలు ముక్కలుగా ఉంది. పోయిన భార్యది. రెండేళ్ళ కిందట శుభ్రం చేద్దామని విప్పాడు, మళ్ళీ బిగించలేకపోయాడు. రోజూ కిటికీ దగ్గర కూర్చుని చూసుకుంటాడు. అంతే.

కమిటీ పక్కగదిలోకి వెళ్ళి ఎనిమిది నిమిషాల్లో తిరిగి వచ్చింది. గదిలోని గోడ గడియారం కూడా వెనకబడేదే, దాని లెక్కన ఎనిమిది. పెద్దాయన మాత్రం ఎనిమిదిన్నర అన్నాడు. అధ్యక్షురాలు నిలబడే చదివింది. పింఛను ఆపిన రోజు నుంచి తిరిగి ఇవ్వాలి. ఆయా రేపటి నుంచే రావాలి. పాత ఫారం మీద చేసిన పరీక్షని కొట్టేస్తున్నాం. చదవడం అయిపోయాక కళ్ళజోడు తీసి, తన గడియారం కూడా వెనకబడుతోందని, ఎక్కడ ఇవ్వమంటారని పెద్దాయన్ని అడిగింది. ఆయన చాలా సీరియస్‌గా, మోచెయ్యి బల్లకి ఆనించుకోకుండా పనిచేసే కుర్రాడెవడికీ ఇవ్వకండి అన్నాడు.

ఉత్తర్వు అందినట్టు ఇస్త్రీబాబు సంతకం చేయాల్సి వచ్చింది. చొక్కా మీద సిరా చుక్కని కాగితంతో కప్పుకుంటూ, చూడకుండానే గీశాడు. పైన నలుచదరంగా ఒక గడి, దానికి మూడు మెలికలతో పొడుగాటి తోక. గాలిపటంలా ఉంది. నియమం ప్రకారం గెలిచినవాళ్ళకి ఇవ్వాల్సిన దస్త్రం నకలు బల్ల అంచున పెట్టి వెళ్ళిపోయాడు.

వరండాలో డ్రైవరమ్మ బిస్కెట్ పొట్లం విప్పి నాన్న చేతిలో పెట్టింది. ఆయన అలవాటు ప్రకారం పెదవులు ముడవబోయాడు.

"ముడిచావంటే ఊరుకోను. మాట్లాడుతూ తిను," అంది.

పెద్దాయన తిన్నాడు. మొదటి బస్సు ఏ గంటకి తీయాలో అడిగాడు, మలుపుల్లో అద్దం చూసుకుంటావా అని అడిగాడు, ఆ పెద్ద స్టీరింగు నువ్వు తిప్పుతుంటే ఒకసారి ముందు సీట్లో కూర్చుని చూడాలని ఉంది అన్నాడు. ఒక్కో మాటకి సగం బిస్కెట్ పొడి అయి చొక్కా మీద, బెంచీ మీద, కూతురి ఒళ్ళో రాలింది. ఆమె దులుపుకోలేదు. బంట్రోతు చీపురు తెచ్చి, వీళ్ళ మొహాలు చూసి, చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

ముగ్గురూ గ్రంథాలయానికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. వెనక గది గుమ్మంలో రిజిస్టర్ బాబాయ్ ఎప్పటిలాగే అడ్డంగా కూర్చుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలోకి సంతకం పెట్టకుండా ఎవరినీ పోనివ్వలేదాయన. మంచినీళ్ళు తాగడానికి వచ్చినవాడైనా సరే సంతకం, టైము. ఎవరు పెట్టారన్నది ఆయనకి పట్టదు, గడి ఖాళీగా ఉండకూడదు, అంతే. గెలిచాం బాబాయ్ అని ఫారాలక్క చెబితే, సంతోషం అమ్మా, ముందు ముగ్గురూ సంతకాలు పెట్టండి అన్నాడు.

డ్రైవరమ్మ సంచిలోంచి రాజీనామా ఉత్తరం తీసి, దీన్నేం చేయమంటావక్కా అని అడిగింది. సలహా బల్లకి ఒక కాలు పొట్టి. పదహారేళ్ళుగా మోచెయ్యి ఆనిస్తే చాలు, ఊగుతుంది. ఫారాలక్క ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, బల్లకాలి కింద దూర్చింది. చేత్తో నొక్కి చూసింది. బల్ల కదల్లేదు.

తండ్రీ కూతుళ్ళు డిపోకి బయల్దేరారు, రేపటి డ్యూటీ వేయించుకోవడానికి. వీధి మలుపు తిరిగేదాకా పెద్దాయన గొంతు వినిపిస్తూనే ఉంది.

ఫారాలక్క కూర్చుని దస్త్రం నకలు తిరగేసింది. అన్నిటికన్నా అడుగున ఆ పేరు లేని ఫిర్యాదు. అది వచ్చిన కవరు నకలు, కవరు మీద తేదీ ముద్ర. ముద్రకి కుడి మూల విరిగి ఉంది, కొరికిన బిస్కెట్‌లా. ఆ స్టాంపు ఆమెకి తెలుసు. పోయిన ఏడాది తన చేతిలోంచే జారి గచ్చు మీద పడి మూల విరిగింది. ఇప్పుడది సొరుగులో, ఆమె మోకాలికి ఎదురుగా ఉంది.

ఆ ఫిర్యాదు ఈ బల్ల దగ్గరే తీసుకున్నారు. తేదీ ఒక గురువారం. గురువారాల్లో ఆమె ఉండదు, ముద్ర బాబాయే వేస్తాడు.

"బాబాయ్, ఒకసారి రిజిస్టర్ ఇటు ఇవ్వు."

ఆ తేదీ కింద మూడే సంతకాలున్నాయి. మొదటిది పేపర్ చదవడానికి వచ్చే ముసలాయనది. రెండోది నీళ్ళ క్యాన్ వేసే అతనిది. మూడోదాని మీద ఆమె వేలు ఆగిపోయింది. నలుచదరంగా ఒక గడి. దానికి మూడు మెలికలతో పొడుగాటి తోక.

ఫారాలక్క పేజీలు వెనక్కి తిప్పింది. అంతకు ముందు గురువారం, గాలిపటం. దాని ముందుదీ గాలిపటమే. మూడు నెలల్లో పదకొండు. ఆ పదకొండు తేదీల్లో పోయిన ఫిర్యాదులు ఎవరి మీదో, ఆ తర్వాత ఎవరెవరి పింఛన్లు ఆగాయో ఆమెకి చూడకుండానే తెలుసు. వాళ్ళంతా ఏడుస్తూ వచ్చి కూర్చున్నది ఈ కుర్చీలోనే. ఆయనకి ఇదంతా ఎందుకు? ఎవరి కోసం? అది తెలియలేదు. కానీ రోజుకి రెండొందల కాగితాల మీద సంతకం గీసే చెయ్యి, దొంగపనికి వచ్చిన చోట కూడా అలవాటుగా అదే గీసింది. యజమానికి తెలియకుండా మాట్లాడిన చేతుల్లో ఇవాళ ఆమె చూసిన రెండోది అది; మొదటిది అబద్ధం ఆడింది, ఇది నిజం చెప్పింది.

"గురువారాల్లో కవరు తెచ్చే మనిషి ఎలా ఉంటాడు బాబాయ్?"

"ఎలా ఉంటాడంటే? చొక్కా మడత నలగనివ్వడు. ఇవాళ కూడా వచ్చాడుగా, పొద్దున్నే."

ఫారాలక్క చివరి పేజీ తిప్పింది. ఇవాళ్టి తేదీ, తొమ్మిదింపావు, గాలిపటం. ఇందాక దాని కిందే ముగ్గురూ సంతకాలు పెట్టారు, గెలిచిన సంబరంలో ఎవరూ పైకి చూడలేదు. విచారణకి వస్తూ దారిలో ఆగాడు, ఆమె ఇక్కడ ఉండదని తెలిసి.

కవరేదని అడిగింది. ముద్ర వేసి టపా సంచిలో వేశానని, ఐదింటికి వ్యాను వస్తుందని బాబాయ్ చెప్పాడు. సంచి మూతి విప్పితే కవరు పైనే ఉంది. లోపల చూడటానికి వీల్లేదు, చూడాల్సిన పనీ లేదు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ చిరునామా పైన గడిలో రాయాలి. ఆ గడిలో ఉన్నది ఫారాలక్క ఇంటి చిరునామా. పక్కన చూపులేని అక్క పింఛను నంబరు.

బయట వ్యాను హారన్ మోగింది. బాబాయ్ కూడా ఆ గడి చదివాడు, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. చదివి, ఈ ఒక్క కవరు కిందపడి పోయిందనుకుందాం అమ్మా అన్నాడు, గొంతు తగ్గించి.

"వద్దు, పంపించెయ్యి బాబాయ్. ఇక్కడ ఆగితే ఇది ఉత్త కవరు. వాళ్ళ దగ్గరికి చేరితే, శాఖ మనిషే ఫిర్యాదు పెట్టాడనడానికి సాక్ష్యం." ఫారాలక్క కవరుని తన చేత్తోనే సంచిలో వేసి మూతి బిగించింది. "రిజిస్టర్ మాత్రం నాతో వస్తుంది."

రిజిస్టర్ ఈ గది దాటి ఎప్పుడూ పోలేదన్నాడు బాబాయ్. పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు. హారన్ మళ్ళీ మోగింది. ఆయన ఒకసారి సంచి వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, పుస్తకం తెరిచి బల్లమీద పెట్టి పెన్ను ముందుకు తోశాడు.

"సంతకం పెట్టి తీసుకెళ్ళు."

బల్ల ఊగలేదు. ఫారాలక్క మోచెయ్యి ఆనించి, ఊపిరి బిగపట్టి, సరిగ్గా గాలిపటం తోకకి సూటిగా, పేజీ అడుగున తన పేరు రాసింది.